ఐదు గడుల లైకర్ట్ స్కేలు గారికి

అయ్యా,

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. సర్వేల్లో మనుషుల అభిప్రాయాలు కొలిచే మిమ్మల్ని కన్న అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ గారు తన ఇంటిపేరును ‘లిక్కర్ట్’ అని పలికేవారట. ఇక్కడ అలా పిలిస్తే మీరేదో ఎక్సైజ్ శాఖ తాలూకు స్కేలనుకుంటారు. అందుకే లైకర్ట్ అంటున్నాం, ఏమీ అనుకోకండి. అనుకుంటే మాత్రం ఎంత అనుకున్నారో ఒకటి నుంచి ఐదు లోపల చెప్పండి.

నేనో చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. ఫిబ్రవరి వచ్చిందంటే చంకలో ఫైలు, చేతిలో జిరాక్సు కట్ట, మొహం నిండా దిగులుతో ఎవరో ఒక రీసెర్చ్ స్కాలర్ మా స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడి ఉంటారు. “సార్, పది నిమిషాలు మీ పిల్లల్ని ఇప్పిస్తే...” కాదనలేను. ఈ ఏడాది ఒక్క నెలలోనే నలుగురొచ్చారు. కామర్స్ ఆయన విద్యార్థుల ఒత్తిడి మీద, సోషియాలజీ అమ్మాయి మత సామరస్యం మీద, ఎడ్యుకేషన్ విభాగం ఆయన ఫిజిక్స్ బోధన మీద, నర్సింగ్ కాలేజీ అమ్మాయి ఆరోగ్య విద్య మీద. దారులు నాలుగు, గైడ్లు నలుగురు. కాగితం తిప్పి చూస్తే నాలుగింట్లోనూ మీరే. పూర్తిగా అంగీకరిస్తున్నాను, అంగీకరిస్తున్నాను, తటస్థం, విభేదిస్తున్నాను, పూర్తిగా విభేదిస్తున్నాను.

అసలు తెలుగువాడు ఎప్పుడైనా ఎదుటి మనిషితో “పూర్తిగా విభేదిస్తున్నాను” అన్నాడా? మా ఐదు గడులు వేరు: అంతేగా మరి, సరేలెండి, ఏమో, చూద్దాం, మీరెలా అంటే అలా. ఇందులో ‘చూద్దాం’ అంటే కుదరదని అర్థం. మీ గడుల్లో దాన్ని ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి.

ఒత్తిడి సర్వే రోజు పరీక్ష ఫీజుకు ఆఖరి తేదీ. “నా జీవితం నా అదుపులో ఉన్నట్టు అనిపిస్తుంది” అన్నది నాలుగో ప్రశ్న. చివరి బెంచీ కుర్రాడు లేచాడు. “సార్, ఫీజు రీయింబర్స్‌మెంట్ పడితే ఐదు, పడకపోతే ఒకటి. రెండిటికీ టిక్కు పెట్టొచ్చా?” స్కాలర్ కంగారుపడ్డాడు. “అలా కుదరదు నాన్నా, ఏదో ఒకటే.” “అయితే మధ్యలోది పెడతా” అని వాడు కూర్చున్నాడు. థీసిస్‌లో వాడిది మధ్యస్థ ఒత్తిడి. ఆ సాయంత్రం ఫీజు కట్టడానికి పక్కవాడి దగ్గర అప్పు చేసినవాడిది కూడా మధ్యస్థమే. అప్పిచ్చినవాడిదీ అంతే.

ఆ మధ్య గడి సంగతే మిమ్మల్ని గట్టిగా అడగాలనుకున్నాను. 1932లో మీరు పుట్టినప్పుడు అక్కడ ‘తటస్థం’ అని లేదు. ‘ఇంకా తేల్చుకోలేదు’ అనే అర్థమిచ్చే మాట ఉండేది. ఎంత మర్యాదైన మాట! మనిషికి కాస్త టైమిచ్చినట్టు ఉంటుంది. అప్పట్లో మీరు అమెరికా కాలేజీ పిల్లల్ని అడిగినవీ చిన్న ప్రశ్నలు కావు. నల్లవాళ్ల గురించి, సామ్రాజ్యవాదం గురించి, దేశాల మధ్య సంబంధాల గురించి. అలాంటివాటి మీద తేల్చుకోలేకపోవడం కూడా ఒక జవాబే. మా దగ్గరికొచ్చేసరికి ఆ గడి తప్పించుకునేవాళ్లకు బస్టాండయింది.

సోషియాలజీ అమ్మాయి కాగితంలో ఒక ప్రశ్న: “ఇతర మతస్థులతో కలిసి భోజనం చేయడానికి నాకు అభ్యంతరం లేదు.” ఈ రకం ప్రశ్నలకు మీ పెదనాన్న వరసైన బొగార్డస్ స్కేలు 1925లోనే దారి వేసింది: ఫలానా జాతివాళ్లను పెళ్లి ద్వారా చుట్టాలుగా ఒప్పుకుంటారా, పోనీ వీధిలో పొరుగువాళ్లుగా, పోనీ దేశంలో పౌరులుగా, అంటూ మెట్టు మెట్టూ దిగుతుంది. అప్పుడు లంచ్ బెల్ కొట్టి అయిదు నిమిషాలైంది. మూడో బెంచీలో ఇద్దరమ్మాయిలు, ఒకరు స్కార్ఫ్ కట్టుకున్నారు, ఇంకొకరు అయ్యప్పమాల వేసుకున్న నాన్నకు పొద్దున్నే పూజకు పూలు కోసి వచ్చారు. ఒకే స్టీలు డబ్బాలోంచి పులిహోర తింటూ ఎడమచేత్తో టిక్కులు పెడుతున్నారు. ఒకమ్మాయి ఆ ప్రశ్న దగ్గర ఆగింది. “ఇదేంటే, తింటూనే ఉన్నాంగా?” రెండో అమ్మాయి తటస్థం పెట్టింది. ఎందుకమ్మా అంటే, “పులిహోరలో ఉప్పు తక్కువైంది సార్.”

మా నెల్లూరు వైపు చుట్టాలు ఏటా మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గాకి, రొట్టెల పండక్కి వెళ్తారు. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె. ఇచ్చే చెయ్యి ఏ మతందని ఎవరూ అడగరు, రొట్టె ఏ కోరికదని మాత్రమే అడుగుతారు. సోషియాలజీ అమ్మాయికి ఈ మాట చెబితే కళ్లు మెరిశాయి. ఆ వెంటనే ఆరిపోయాయి. “చాలా బావుంది సార్, కానీ దీన్ని టేబుల్లో ఎలా పెట్టాలి?” పీహెచ్‌డీ రొట్టె ఎవరైనా ఇస్తారేమో కనుక్కొమ్మంది.

ఫిజిక్స్ దగ్గర మాత్రం మీకు కొంచెం సిగ్గనిపించాలి. కిలో అంటే ఎంతో తేల్చడానికి 1889 నుంచి పారిస్ పక్కన ఒక ప్లాటినం-ఇరిడియం దిమ్మెను గంట ఆకారపు గాజు మూతల కింద దాచుకున్నారు. దాని నకళ్లకూ దానికీ వందేళ్లలో 50 మైక్రోగ్రాములంత తేడా కనబడేసరికి శాస్త్రవేత్తలకు నిద్రపట్టలేదు. చివరికి 2019 మే 20 నుంచి దిమ్మెను పక్కనబెట్టి, ప్రకృతిలో ఎప్పటికీ మారని అంకె అయిన ప్లాంక్ స్థిరాంకాన్ని పట్టుకున్నారు. మరి మీ ‘అంగీకరిస్తున్నాను’కు, ‘పూర్తిగా’కు మధ్య తూకం రాయి ఎక్కడుంది? అదేమీ లేకుండానే మావాళ్లు సగటు తీసి 3.67 అంగీకారం అని రెండు దశాంశాల దాకా రాస్తున్నారు.

పోనీ ఫిజిక్స్ బోధనలో అడగడానికి మంచి ప్రశ్నలే లేవా అంటే, ఉన్నాయి. బలం అంటే పిల్లలకు ఏం అర్థమైందో చూసే పరీక్ష ఒకటి 1992లో అమెరికాలో వచ్చింది. పైకి విసిరిన బంతి ఇంకా పైకి పోతుండగా దానిమీద ఏ బలం పనిచేస్తుంది, ఇలాంటివి. అందులో తప్పు జవాబులను కూడా పిల్లల బుర్రల్లోంచే ఏరి పెట్టారు. అలాంటి పరీక్షే హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ పెడితే ఒక స్టూడెంట్ అడిగిన మాట లోకమంతా తిరిగింది: మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా? ఆ ప్రశ్నతో ఆయన పాఠం చెప్పే పద్ధతే మార్చుకున్నాడు. మా దగ్గరికొచ్చినాయన మాత్రం బంతి జోలికి పోలేదు. “భౌతికశాస్త్రం నాకు ఆసక్తికరంగా ఉంటుంది” అని అడిగాడు. ఇంటర్నల్ మార్కులేసే ఫిజిక్స్ మాస్టారు పక్కనే నిలబడి ఉన్నాడు. క్లాసు మొత్తం పూర్తిగా అంగీకరించింది.

నర్సింగ్ అమ్మాయి మా ఇంటికే వచ్చింది. షుగరున్న పెద్దవాళ్లు కావాలంది, మా అమ్మ దొరికింది. ముందు ఒక టెస్టు, తర్వాత బొమ్మల అట్టలతో పాఠం, ఏడో రోజు మళ్లీ టెస్టు. అమ్మకు మొదటిసారి ఇరవైకి తొమ్మిది, రెండోసారి పంతొమ్మిది. అమ్మాయి మురిసిపోయింది, పాఠం పనిచేసిందని రాసుకుంది. “ఎండన పడి వచ్చావు, టీ తాగి వెళ్లు తల్లీ” అని అమ్మ వంటింట్లోకి వెళ్లింది. రెండు కప్పులు. రెండింట్లోనూ మూడేసి చెంచాల చక్కెర. ఆ అమ్మాయి చూసింది, నా వైపు చూసింది, కాగితాల కట్ట వైపు చూసింది, టీ తాగి వెళ్లిపోయింది. ఆ అమ్మాయిని తప్పుబట్టలేను. ఆమె కాగితంలో చెంచాలకు గడి లేదు.

ఇన్ని అంటున్నవాడివి, నీ పీహెచ్‌డీ సంగతేమిటని మీరు అడగొచ్చు. మీకు తెలియనిదేముంది, మీ భుజాల మీదే అయింది. క్రెజ్సీ, మోర్గన్ అనే ఇద్దరు 1970లో వేసిన పట్టికలో పది లక్షల జనాభాకు శాంపిల్ 384 అని ఉంటుంది. మా గైడు గారు దాన్ని గాయత్రీ మంత్రంలా చెప్పేవారు. 384 ఫారాలు పంచాను. బస్సులెక్కి, హాస్టళ్ల చుట్టూ తిరిగి, పెన్నులు పంచి, 361 వెనక్కి రాబట్టాను. సినాప్సిస్‌కు నాలుగు రోజులే ఉంది. ఓ రాత్రి టీ ఫ్లాస్కు, నీలం పెన్ను, నల్ల పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. తెల్లారేసరికి మిగతా 23 మందీ దొరికారు. ఎంత మంచివాళ్లో! ఒక్కరంటే ఒక్కరు ఒక్క ప్రశ్నా ఖాళీ వదల్లేదు. వాళ్ల పుణ్యమా అని, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసిగాయో చెప్పే నా క్రాన్‌బాక్ ఆల్ఫా కూడా కాస్త పెరిగింది.

ఇప్పుడు నా థీసిస్, దేశంలోని థీసిస్‌లన్నీ దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్లో తేలుతోంది. సాఫ్ట్‌వేర్ నా వాక్యాలు ఎవరివో వెతికింది, పది శాతం లోపే వచ్చిందని సర్టిఫికెట్ ఇచ్చింది. టిక్కులు ఎవరివో వెతికే సాఫ్ట్‌వేర్ మా యూనివర్సిటీ ఇంకా కొనలేదు.

గుమ్మంలో ఎవరో అమ్మాయి నిలబడింది. చేతిలో కట్ట ఉంది. మళ్లీ రాస్తాను.

ఇట్లు,
మీ 362వ రెస్పాండెంట్