పొదుపు బరువు పిల్లల ఒంటి మీద వేయకూడదు

యూనిఫాం పెట్టిందే పిల్లలంతా ఒకేలా కనిపించాలని. కానీ హైదరాబాద్‌లో ఓ మోస్తరు ప్రైవేటు స్కూల్లో చదివే పిల్లాడికి ఏడాది పొడవునా ఏమేం కొంటున్నామో రాసి చూస్తే, యూనిఫాం అందులో ఒక చిన్న పద్దు మాత్రమే. రోజూ వేసుకునేవి రెండు జతలు, పీటీ ఉన్న రోజుకి హౌస్ టీషర్టు, నల్ల బూట్లు, తెల్ల బూట్లు. చిన్న క్లాసుల్లో అయితే రెడ్ డే, ఎల్లో డే, గ్రీన్ డే. కృష్ణాష్టమికి కృష్ణుడి వేషం, బతుకమ్మకి పట్టు లంగా, సంక్రాంతికి పంచె. యాన్యువల్ డే డ్రెస్‌కి స్కూలు వాళ్లు విడిగా డబ్బు అడుగుతారు. యూకేజీ అయిపోగానే నల్ల గౌనూ టోపీ పెట్టి గ్రాడ్యుయేషన్ డే. పుట్టినరోజుకి కలర్ డ్రెస్ సరేసరి. రేపు ఎల్లో డే అని రాత్రి ఎనిమిదింటికి క్లాస్ గ్రూపులో మెసేజ్ పడితే, షాపులు మూసేలోపు పసుపు చొక్కా కోసం కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో బండేసుకుని తిరిగే తండ్రులకు ఈ ఊళ్లో కొదవలేదు.

దీన్ని ఇంటి మొత్తం ఖర్చుతో పోల్చి చూడాలి. 2022-23లో కేంద్రం జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో ఒక మనిషికి నెలకయ్యే ఖర్చు సగటున 8,158 రూపాయలు. తిండి, అద్దె, కరెంటు, బస్సు, మందులు, చదువు అన్నీ అందులోనే. నలుగురున్న ఇంటికి 33 వేల లోపు. ఎనిమిదో తరగతి పిల్లల నోళ్లలో నానే బ్రాండు బూట్లు జత ఐదారు వేలకు తక్కువ ఉండవు. ఒక మనిషి నెలంతా బతికే ఖర్చులో సగానికి పైగా ఒక జత బూట్లకే పోతుంది. అవీ ఏడాది తిరిగేసరికి పట్టవు, ఎందుకంటే పెరిగే కాళ్లు.

ఆ బూట్లు అడిగిన పిల్లాడిని చెడిపోయాడని తేల్చేయడం తేలిక. అది అన్యాయం కూడా. వాణ్ని ఆ క్లాసులో కూర్చోబెట్టింది మనమే. ఈ ఊళ్లో మధ్యతరగతి చేస్తున్న పెద్ద ఖర్చు స్కూలు ఫీజు. తల్లిదండ్రులు తమ స్థోమత కంటే ఒక మెట్టు పైనున్న స్కూల్లో వేస్తారు. పిల్లలు బాగుపడాలనే, ఇంకే దురుద్దేశమూ లేదు. మియాపూర్‌లో చిన్న కిరాణా కొట్టు నడిపే ఇంటి పిల్లాడూ, గచ్చిబౌలిలో ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇంటి పిల్లాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఫీజు ఎలాగో కట్టేస్తాం. ఆ స్కూల్లో మిగతావాళ్లతో సమానంగా తిరగడానికయ్యే ఖర్చు ఎవరూ ముందుగా చెప్పరు, అది ఏ రసీదులోనూ ఉండదు. ఫీజు గేటు దాటిస్తుంది. లోపలికెళ్లాక బ్యాగు, వాటర్ బాటిల్, వాచీ, బూట్లు, సెలవుల్లో ఎక్కడికెళ్లొచ్చారన్న కబుర్లు, వీటన్నిటినీ రోజూ ఎదుర్కోవలసింది ఆ పసివాడు ఒక్కడే.

పెద్దవాళ్లు చెప్పే జవాబులు రెండు. ఒకటి, "ముందు చదువు మీద ధ్యాస పెట్టు." రెండోది, "మా కాలంలో రెండు జతలతో ఏడాదంతా గడిపాం." రెండూ నిజమే కావచ్చు, కానీ పిల్లాడి బాధకు రెండూ తగలవు. రెండు జతలతో గడిపిన రోజుల్లో పక్కవాడికీ రెండు జతలే ఉండేవి. లేమి అందరిదీ అయినప్పుడు అది పెద్దగా గుచ్చుకోదు. ఇప్పుడు పిల్లాడు అడుగుతున్నది వస్తువు కాదు, నలుగురిలో తనకో చోటు. అది అక్కర్లేదని ఏ పెద్దమనిషీ అనలేడు. మన ఆఫీసులో, మన బంధువుల్లో, మన అపార్ట్‌మెంట్‌లో మనం వెతుక్కుంటున్నదీ అదే కదా.

నేను పొదుపుకి వ్యతిరేకిని కాను. మధ్యతరగతి ఇల్లు నిలబడేది దాని మీదే. నా అభ్యంతరం పొదుపు ఎక్కడ మొదలుపెడుతున్నామన్న దాని మీద. చాలా ఇళ్లలో అది పిల్లల దగ్గర మొదలై పిల్లల దగ్గరే ఆగిపోతుంది. ఫంక్షన్ హాల్లో మొదటి పుట్టినరోజు చేయమని ఏ ఏడాది బిడ్డా అడగలేదు. ఆ బిడ్డ సగం సేపు ఏడుస్తుంది, మిగతా సగం నిద్రపోతుంది. ఓణీల ఫంక్షన్‌కి డ్రోన్ కెమెరా కావాలన్నది ఆ అమ్మాయి కంటే ముందు మేనత్తలూ పిన్నులూ. రిటర్న్ గిఫ్టుల కోసం బేగంబజార్‌లో బస్తాలకొద్దీ కొనేది పెద్దవాళ్లు. వీటికి మాత్రం "తప్పదు, నలుగురూ ఏమనుకుంటారు" అంటాం. అదే ఇంట్లో పిల్లాడు బూట్లడిగితే "దుబారా" అంటాం. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం మనకుంటే అది పరువు, వాడికుంటే అది మంకు. పిల్లలు ఈ తేడాని చాలా చిన్న వయసులోనే పసిగడతారు. పసిగట్టిన రోజు నుంచి మన పొదుపు మాటలకు వాళ్ల దగ్గర విలువ ఉండదు.

కాబట్టి కోత మన పరువు ఖర్చుల దగ్గర మొదలవ్వాలి. ఫంక్షన్ చిన్నదవ్వాలి, కారు ఇంకో మూడేళ్లు నడవాలి, ఈఎంఐ మీద ఫోన్ మార్చడం ఆగాలి. ఆ తర్వాతే పిల్లాడితో మాట్లాడే హక్కు మనకొస్తుంది.

పాత బట్టల విషయంలో మన ఇళ్లలో ఒకప్పుడు ఉన్న పద్ధతిని గుర్తు చేసుకోవడం అవసరం. చాలా తెలుగిళ్లలో పురిటి బిడ్డకు మొదట తొడిగేది కొత్త చొక్కా కాదు, పాతదే. ఆరోగ్యంగా పెరిగిన పిల్లల చొక్కా అడిగి మరీ తెచ్చి తొడిగేవారు, ఆ బిడ్డ ఆయుష్షు ఈ బిడ్డకూ రావాలని. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు గుడ్డ పసి ఒంటికి హాయి అన్న తెలివి కూడా అందులో ఉంది. అమ్మమ్మ నేత చీరలు బొంతలయ్యేవి. పట్టు పరికిణీ కుట్టించేటప్పుడే దర్జీతో చెప్పి కింద మడతలు వేయించేవారు. పిల్ల పొడుగైన కొద్దీ ఒక్కో మడత విప్పేవారు. అక్క గౌను చెల్లెలికి, పెదనాన్న కొడుకు నిక్కరు చిన్నాన్న కొడుకుకి. ఎవరూ చిన్నబోయేవారు కాదు, ఎందుకంటే అది మనవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది, మళ్లీ మనవాళ్లకే వెళ్తుంది. ఇప్పటి రెడీమేడ్ బట్టల్లో విప్పడానికి మడత ఉండదు, లోపల గుడ్డే వదలరు. ఆరు నెలలకు పొట్టయిపోయిన ప్యాంటుని అటకెక్కించడమో, పనావిడకు ఇచ్చేయడమో తప్ప దారి కనిపించదు.

ఆ పద్ధతి పూర్తిగా పోలేదు, చుట్టాల నుంచి అపార్ట్‌మెంట్ గ్రూపులకు మారిందంతే. సైకిలు, స్కేట్స్, గైడ్లు, ఒక్కసారే వేసిన ఫ్యాన్సీ డ్రెస్, ఇవి ఇళ్ల మధ్య చేతులు మారుతున్నాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కోఠీలో సగం ధరకు టెక్స్ట్‌బుక్కులు దొరుకుతాయి. పాతది తీసుకోవడం తప్పుగా అనిపించకుండా ఉండాలంటే ఒక్కటే షరతు. ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ ఉండాలి. మన పిల్లాడి సైకిలు కింది ఫ్లోర్‌కి వెళ్లినప్పుడు, పై ఫ్లోర్ నుంచి వచ్చిన జాకెట్ వాడికి భారం అనిపించదు. ఎప్పుడూ తీసుకునే చేయి మాత్రమే అయిన పిల్లాడు లోలోపల కుంగిపోతాడు. పనిమనిషి పిల్లలకు మనం పాత బట్టలిచ్చేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. చినిగినవి, గుండీలు ఊడినవి ఇవ్వకూడదు. ఉతికి, ఇస్త్రీ చేసి, కావాలో వద్దో అడిగి ఇవ్వాలి.

ఇంట్లో డబ్బు గురించి పిల్లలతో మాట్లాడటం మనకు అలవాటు లేదు. "డబ్బుల్లేవు" అని పొద్దున చెప్పి రాత్రికి బిర్యానీ ఆర్డర్ పెడతాం. పిల్లాడికి అర్థమయ్యేది నాన్న అబద్ధం చెప్పాడని. దానికంటే ఇంత ఉంది, ఇందులో ఫీజుకింత, అద్దెకింత, నీ బట్టలకు ఏడాదికింత అని చెప్పడం మేలు. పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక ఆ మొత్తం వాళ్ల చేతికే ఇచ్చి ఎంచుకోనివ్వవచ్చు. ఖరీదైన బూట్లు కొంటే దసరాకి కొత్త డ్రెస్ ఉండదు, అంతే. మాకు తెలిసిన ఏడో తరగతి అమ్మాయి ఇలాగే మొదటి ఏడాది సగం డబ్బు ఒక జాకెట్‌కి పెట్టేసింది. రెండో ఏడాది నుంచి జనరల్ బజార్‌లో బేరమాడటం నేర్చుకుంది. వాళ్లమ్మ చేసిందల్లా మధ్యలో జాలిపడి ఇంకో వెయ్యి ఇవ్వకుండా ఉండటమే. అదే కష్టమైన పని.

కొని తీరవలసిన సందర్భాలూ ఉంటాయి. బూట్లు నోరు తెరిచినా, ప్యాంటు చీలమండల పైకి పోయినా పొదుపు పేరుతో సాగదీయకూడదు. పీటీ రోజున కడుపునొప్పి అంటున్నా, టూర్‌కి రానంటున్నా, అద్దం ముందు చొక్కాని కిందికి లాక్కుంటున్నా ఆగి కారణం అడగాలి. మంచిది, శుభ్రమైనది, సైజు సరిపోయేది ఉంటే చాలు, లోగో అక్కర్లేదు. అంతకంటే తక్కువ ఇచ్చి గుణం నేర్పుతున్నాం అనుకోవడం పిల్లల మీద మనం చేసే ప్రయోగం. ధర కొంతైనా కలిసొచ్చే మార్పు ఒకటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు బట్టలు, చెప్పుల మీద జీఎస్టీ 5 శాతమే, నోటు పుస్తకాల మీద అసలు లేదు.

అయితే ఒక్క కుటుంబం ఎంత పట్టుదలగా ఉన్నా, దాని మూల్యం చెల్లించేది క్లాసులో ఒంటరిగా నిలబడ్డ పిల్లాడే. అందుకే దీన్ని ఇంటి విషయం అని వదిలేయలేం. ప్రైవేటు స్కూళ్లు యూనిఫాంలు, బూట్లు, బెల్టులు అమ్మకూడదని హైదరాబాద్ జిల్లా విద్యాశాఖ 2024 వేసవిలో ఆదేశాలిచ్చింది. పిల్లల అమాయకత్వాన్ని సొమ్ము చేసుకునే ప్రకటనలు కూడదని కేంద్రం 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. మంచివే. కానీ రెడ్ డేని, పుట్టినరోజు చాక్లెట్ డబ్బాని, గ్రాడ్యుయేషన్ గౌనుని ఏ ఆదేశమూ ఆపదు. వాటిని ఆపగలిగేది స్కూలు యాజమాన్యం, దాన్ని అడగగలిగేది తల్లిదండ్రులు. పుట్టినరోజున కూడా యూనిఫాంలోనే రావాలి, ఏమీ పంచకూడదు, ఇష్టమైతే క్లాస్ లైబ్రరీకి ఒక పుస్తకం ఇవ్వండి అనే నిబంధనకు పైసా ఖర్చు లేదు. అలా పెడితే ఎక్కువమంది తల్లిదండ్రులు లోలోపల ఊపిరి పీల్చుకుంటారని నా నమ్మకం. ఎవరికి వారు పక్కవాళ్లకు ఇష్టమేమో అనుకుని చేస్తున్న ఖర్చు ఇది.

తెలంగాణలో స్కూళ్లు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. మొదటి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులు, ట్రాన్స్‌పోర్ట్ గురించి అడిగినట్టే ఈ ఏడాది కలర్ డేస్ ఎన్ని, కాస్ట్యూమ్ డబ్బు ఎంత, పుట్టినరోజు నియమం ఏమిటి అని అడగవచ్చు. ఒక్కరే లేచి అడగడానికి మొహమాటమైతే ముందురోజు నలుగురితో ఫోన్లో మాట్లాడుకుని వెళ్లవచ్చు. కొత్తవి కుట్టించే బదులు కిందటేడు పాసైన పిల్లల డ్రెస్సులు స్కూల్లోనే ఒక అలమరాలో పెట్టమని కోరవచ్చు. ఆ అలమరాలోకి మొదటి జత ఇచ్చేవాళ్లు క్లాసులో బాగా ఉన్నవాళ్లయితే, తీసుకునేవాళ్లలోనూ వాళ్లు ఉంటే, మిగతావాళ్లు వెనకాడరు.