ముద్దుపేరుతో మొదలుపెట్టండి

పంచెల ఫంక్షన్‌కు కార్డులు అచ్చయ్యాయి, హాలుకు అడ్వాన్సు ఇచ్చేశారు, మేనమామ పట్టుపంచె తెచ్చాడు. పన్నెండేళ్ల బిడ్డ మాత్రం గది తలుపు తీయదు. ఇంకో ఇంట్లో పెద్దమనిషి అయిందని పీట మీద కూర్చోబెట్టి వీధంతటికీ చిమ్మిలి పంచుతుంటే, తనను తాను అబ్బాయిగానే ఎరిగిన బిడ్డ సిగ్గుతో చచ్చిపోతుంటుంది. ఆడా మగా అని ఊరందరి ముందు ముద్ర వేసే వేడుకలివి. తాము వేరని లోలోపల తెలిసిన ట్రాన్స్‌జెండర్ పిల్లలకు ఇవి గండాలు. కార్డులు అచ్చుకు ఇచ్చే ముందే బిడ్డను అడగండి. వద్దంటే ఆపేయండి. ఎందుకని నిలదీయకండి. చెప్పాలనిపించిన రోజు తానే చెబుతుంది.

ఆ రోజు వచ్చినప్పుడు చాలా ఇళ్లలో జరిగేదేమిటో అందరికీ తెలుసు. ముందు ఫోన్ లాక్కుంటారు. తర్వాత జుట్టు కత్తిరిస్తారు, లేదా గదిలో పెట్టి గడియ వేస్తారు. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టిస్తారు. పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుందని సంబంధం వెతుకుతారు. అలా పెళ్లి చేసినప్పుడు రెండో ఇంటి బిడ్డ జీవితమూ పాడవుతుంది. ఇంతలో ఒక రాత్రి బిడ్డ రైలెక్కుతుంది. ఇల్లు కాదన్నవారికి జమాత్‌లో, అంటే హిజ్రాలంతా ఒక కుటుంబంలా కలిసి ఉండే చోట, గురువు నీడనిస్తుంది. ఆ నీడను మేం తక్కువ చేయం. అయితే చదువు మాత్రం అక్కడితో ఆగిపోతుంది. అడిగి తెచ్చుకునే డబ్బుతో బతుకు మొదలవుతుంది. ఆపరేషన్ కోసం అర్హత లేనివాళ్ల చేతుల్లో పడే ప్రమాదమూ ఉంది. 2022లో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో జరిగిన అలాంటి ఆపరేషన్‌కే ఒక నిండు ప్రాణం బలైంది.

మరి ఇంట్లో ఏం చేయాలి? పిలుపు మార్చాలి. ఇందులో తెలుగు మనకు కొంత సాయం చేస్తుంది. ఎదురుగా ఉన్న మనిషితో 'వచ్చావా, తిన్నావా' అంటాం. ఆ మాటల్లో ఆడా మగా లేదు. కూతుర్ని 'ఏంట్రా నాన్నా' అని, కొడుకును 'రామ్మా' అని ముద్దు చేయడం మనకు కొత్త కాదు. బుజ్జి, పండు, చిన్ని, చిట్టి ఎవరికైనా సరిపోతాయి. బిడ్డ కోరుకున్న పేరు నోటికి అలవాటయ్యే వరకు ముద్దుపేరుతో నెట్టుకు రావచ్చు. చిక్కంతా పక్కవారితో చెప్పేటప్పుడే. 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా? 'తను' అని తప్పించుకున్నా వాక్యం చివర క్రియ పట్టిచ్చేస్తుంది. కాబట్టి బిడ్డనే అడగండి, అడిగినట్టే అనండి. నోరు జారితే సరిదిద్దుకుని మాట కొనసాగించండి. పది నిమిషాలు కన్నీళ్లు పెట్టుకుంటే బిడ్డే తిరిగి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. బాబాయికి చెప్పాలా, అమ్మమ్మకు చెప్పాలా, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఏ పేరు వాడాలి అన్నవి మాత్రం బిడ్డ తేల్చాల్సినవి.

పేరుదేముందిలే అనుకునేవారికి ఒక లెక్క. అమెరికాలో 15 నుంచి 21 ఏళ్ల ట్రాన్స్‌జెండర్ యువత 129 మందిని పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఇల్లు, బడి, పని, స్నేహితులు అనే నాలుగు చోట్లనూ చూశారు. కోరుకున్న పేరుతో పిలిచే చోటు ఒక్కటి పెరిగినా, చనిపోవాలన్న ఆలోచనలు 29 శాతం తక్కువగా కనిపించాయి. ఆ నాలుగు చోట్లలో ఒకటి పూర్తిగా మన చేతిలోనే ఉంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లడం తప్పు కాదు. ఎందుకు వెళ్తున్నారన్నదే ముఖ్యం. 'మార్చేస్తాను, ఇన్ని సిట్టింగులు' అన్నవారి దగ్గర్నుంచి వెంటనే లేచి వచ్చేయండి. అలాంటి 'చికిత్స' వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తీసేసింది. బిడ్డ దిగులుకు, నిద్రలేమికి, మీ భయానికి మాత్రం సాయం తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. 'వీళ్లకు భవిష్యత్తేముంది' అని కుమిలే తల్లిదండ్రులకు ఒక్క మాట: ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే. ఇద్దరూ 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో ప్రభుత్వ డాక్టర్లుగా చేరారు.

2020 జనవరి 10న అమల్లోకి వచ్చిన చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి కన్నవారింట్లో ఉండే హక్కునిచ్చింది. బలవంతంగా ఇల్లు వదిలిపోయేలా చేసినవారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, జరిమానా అని రాసింది. కన్నవారికి మినహాయింపు లేదు. అయినా అమ్మానాన్నల మీద కేసు పెట్టే పదిహేనేళ్ల బిడ్డ ఉంటుందా? ప్రభుత్వ సాయమేమో బిడ్డ గడప దాటాక గానీ అందదు. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు నాలుగు వేల పింఛను పద్దెనిమిదేళ్లు నిండాకే. అసలు అవసరం అంతకు నాలుగైదేళ్ల ముందే ఉంటుంది.

అందుకే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాం. ప్రతి జిల్లా ఆస్పత్రిలో వారానికి ఒక పూట ఈ పిల్లల తల్లిదండ్రుల కోసం సైకాలజిస్టును కూర్చోబెట్టండి. అక్కడికి ఇదే దారి నడిచిన మరో తల్లినో తండ్రినో పిలిపించండి. పదో తరగతి మెమోలో పడ్డ పేరు జీవితాంతం వెంటాడుతుంది కాబట్టి, పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా (నామినల్ రోల్స్) పంపే ముందే పేరు విషయం తల్లిదండ్రులతో మాట్లాడే బాధ్యత హెడ్మాస్టర్లకు అప్పగించండి. అబ్బాయిలకు వేరుగా, అమ్మాయిలకు వేరుగా ఉన్న గురుకులాల్లో ఈ పిల్లలు అందరికంటే ముందు, చీకటితోనే లేచి స్నానం ముగించుకుంటారు. అక్కడ ఒక్క బాత్‌రూముకైనా లోపలి నుంచి గట్టిగా పడే గడియ పెట్టించండి. దానికి జీవో కూడా అక్కర్లేదు, వార్డెన్ తలచుకుంటే సాయంత్రానికల్లా అయిపోతుంది.