సంతకం దగ్గర ఆగితే అందరికీ క్షేమం

వయోజన విద్య మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థల ప్రాంతీయ సిబ్బందిని ఎవరూ పొగడరు. ఆ లోటు ఈ పూట నేను తీరుస్తాను. పెద్దవాళ్లకు చదువు చెప్పడం ఒక ఎత్తు, దాన్ని ఎక్కడ ఆపాలో తెలియడం ఇంకో ఎత్తు. ఆ రెండోది వీళ్లకు కొట్టినపిండి.

తెలియకపోతే ఏమవుతుందో 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా చూసింది. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం రోజులవి. ఎవరో ముందూవెనకా చూడకుండా వాచకంలో సారా వల్ల చితికిన కాపురం కథ పెట్టారు. దూబగుంట ఆడవాళ్లు కూడబలుక్కుని చదివారు. చదివాక ఇంకో రకంగా కూడబలుక్కున్నారు. ఊళ్లో సారా కొట్టు మూతపడింది. గొడవ జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో ఏకంగా సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని సడలించేదాకా ఖజానాకు కంటిమీద కునుకు లేదు. ఒక్క పాఠం! అందులోనూ గుణింతాలు పూర్తిగా రానివాళ్లు!

ఆ తప్పు మళ్లీ జరగనివ్వకూడదు. అందుకే ఇప్పుడు లక్ష్యం సంతకం. సంతకం వస్తే పొదుపు సంఘం అప్పు కాగితం మీద సిరా మరక పడదు. కాగితంలో ఏముందంటారా? అది పై తరగతి సిలబస్.

జీతాల సంగతీ అంతే. ఇదివరకటి కేంద్ర వయోజన విద్యా పథకం సాక్షర భారత్‌లో, ఊళ్లో చదువుల కేంద్రం నడిపే ప్రేరక్‌లకు నెలకు 2,000 రూపాయలు ఇస్తామని చెప్పి, నెలల తరబడి ఎదురుచూపులు కూడా నేర్పారు. దాని తర్వాత వచ్చిన ఇప్పటి పథకం ఉల్లాస్‌లో వాలంటీర్లకు ఆ టెన్షన్ లేదు. పేరుకు తగ్గట్టు ఉల్లాసంగా, ఊరికే చెప్పాలి.

మొన్న సెప్టెంబరు 8న, అక్షరాస్యత దినోత్సవం నాడు, ఒక రాత్రి బడికి వెళ్లాను. ఏడున్నరకు కోఆర్డినేటర్ గారు బండి మీద ఫ్లెక్సీ చుట్ట పెట్టుకుని దిగారు. చాప మీద తొమ్మిది మంది. ఫొటో నిండుగా రావాలని వెనక వరసలో పిల్లల్ని నిలబెట్టారు. అవ్వలు రాసేసరికి ఆలస్యమవుతుందని పలకల మీద అ, ఆలు తనే చకచకా రాసిచ్చి పట్టుకోమన్నారు. లొకేషన్ పడేలా నాలుగు ఫొటోలు తీశారు. చదువు అయిపోయింది.

అంతలో ఒక అవ్వ కళ్లజోడు సర్దుకుని, హాజరు పట్టీ ఒళ్లోకి లాక్కుని, వేలు పెట్టి ఒక్కో పేరూ చదవడం మొదలుపెట్టింది. పదకొండో పేరు దగ్గర ఆగింది.

"ఇదేంది నాయనా, మా ఆయన పేరుందే? ఆయన పోయి మూడేళ్లాయె. రోజూ బడికొస్తున్నాడా?"

కోఆర్డినేటర్ గారు పట్టీ సున్నితంగా వెనక్కి తీసుకున్నారు. మర్నాడు వెళ్లిన రిపోర్టులో హాజరు నలభై మంది. ఆయన ఉన్నాడు. బడి మానేసినవారి గడిలో ఒక్కరే, ఆ అవ్వ.