గేటు బయట
మా వీధి పార్కును పొద్దున తొమ్మిదికల్లా మూసేస్తారు. మళ్లీ తెరిచేది సాయంత్రం నాలుగుకే. మధ్యలో ఈ తిరుపతి ఎండకు నీడ కావాల్సిన ముసలోళ్లు ఎక్కడ కూర్చోవాలి? అడిగితే వాచ్‌మన్ "టైమైపోయింది సామీ" అంటాడు. పాపం, అతన్ననేదేముంది.

బెర్లిన్‌లో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు గోర్లిట్జర్ పార్కుకు పోయేవాణ్ణి. ఒకప్పుడది రైల్వే స్టేషను, 1866లో రైళ్లు మొదలయ్యాయి. యుద్ధంలో దెబ్బతింది, తర్వాత కూల్చేశారు. పట్టాలున్న చోట ఇప్పుడు గడ్డి. పాత గోడౌన్లు మాత్రం కొన్ని మిగిలాయి. అక్కడా తలనొప్పులు లేకపోలేదు, గంజాయి అమ్మేవాళ్ల బెడద చిన్నది కాదు. అయినా మిట్టమధ్యాహ్నం పోయి కూర్చోవచ్చు. ఇక్కడా బెంచీలున్నాయి, దాత పేరు పెద్దక్షరాల్లో రాయించారు కూడా. గేటు కమ్మీల్లోంచి రోజూ చదువుతున్నా.