ఆగడానికీ ఓ అంతస్తు ఉండాలి

రోడ్ బైక్‌కి మంచి బ్రేకులు వేయించుకుంటే లాభం ఉందా అని ఎవరైనా అడిగితే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత జాలేస్తుంది. రోడ్ బైక్ అంటే పెట్రోలు పోసేది కాదు. సన్నటి టైర్లు, కిందికి వంకర తిరిగిన హ్యాండిలు, దాని మీద ఇంకా కిందికి వంగిపోయిన మనిషి ఉండే సైకిల్. లాభనష్టాలు చూసుకునేవాడు దాన్ని కొంటాడా? క్యారియర్ ఉండదు, స్టాండు ఉండదు, మడ్‌గార్డు ఉండదు. సీటు మీద కూర్చోవడమే ఒక తపస్సు. ఇన్ని వదులుకున్నది వేగం కోసమే కదా. ఆ వేగాన్ని కొనడానికి ఎంత పోశామో, దాన్ని చంపడానికీ అంత పోయడం కనీస మర్యాద.

కాబట్టి తీర్పు ముందే చెప్పేస్తున్నాను: మార్చాల్సిందే. ఇక విచారణ మొదలుపెడదాం.

మొదటి సాక్షి భౌతికశాస్త్రం. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఆ మూటలో దాదాపు 1,200 జౌళ్ల శక్తి ఉంటుంది. 40కి వెళితే దాదాపు 4,900. వేగం రెండింతలైతే బ్రేకుల మీద పడే పని నాలుగింతలు. చూశారా, నా వాదనకి ఎంత బలమో! సాక్షిని ఇక్కడితో పంపించేసి ఉంటే బాగుండేది. ఉత్సాహం కొద్దీ ఇంకో ప్రశ్న అడిగాను: మరి ఎంత దూరంలో ఆగుతాం?

అక్కడ అడ్డం తిరిగాడు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్నవాడు అడ్డం వచ్చినదాన్ని చూసి, అది ఏమిటో గ్రహించి, లీవర్ నొక్కడానికి ఒక్క సెకను తీసుకున్నా, ఆ సెకనులోనే ఎనిమిది మీటర్లు వెళ్ళిపోతాడు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టాక ఆగడానికి పట్టేది ఇంకో ఏడు మీటర్లు. అంటే సగానికి పైగా దూరం కాలిపర్‌కి, అదే చక్రాన్ని రెండు పక్కలనుంచీ నొక్కిపట్టే బ్రేకు భాగానికి, కబురు అందకముందే అయిపోతుంది. ఆ ఎనిమిది మీటర్లకి సరిపడే విడిభాగాన్ని ఇంతవరకు ఏ కంపెనీ అమ్మడం లేదు. అది మన రెండు చెవుల మధ్య ఉంటుంది, దానికి వారంటీ ఎప్పుడో అయిపోయింది.

పోనీ ఆ ఏడు మీటర్లనైనా తగ్గిద్దామంటే ఇంకో పేచీ. కిందపడే వస్తువు ఎంత చురుగ్గా వేగం పుంజుకుంటుందో, మామూలుగా కూర్చుని తొక్కేవాడు మహా అయితే అందులో సగానికి కాస్త ఎక్కువ చురుకుతోనే వేగం తగ్గించుకోగలడు. అంతకు మించితే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, సవారీ చేసేవాడు హ్యాండిల్ మీదుగా ముందుకి ప్రయాణం సాగిస్తాడు. పొడి రోడ్డు మీద సరిగ్గా బిగించిన మామూలు డ్యూయల్ పివట్ (రెండు కీళ్ల మీద కదిలే) కాలిపర్, రెండు వేళ్లతో నొక్కినా చాలు, ఆ హద్దు దాకా తీసుకెళ్తుంది. అది దాటించే కాలిపర్ కొన్నామనుకోండి, సైకిల్ ఆగుతుంది. మనం ఆగం.

ఈ భయంతోనే చాలామంది ముందు బ్రేకు ముట్టుకోరు. వెనకది మాత్రమే పిసికి, చక్రం పట్టేసి జారితే, బ్రేకులు బాగాలేవని కొత్తవాటికి బయల్దేరతారు. గట్టిగా ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, ఆపే పనంతా దాదాపు అదే చేస్తుంది. వెనక చక్రం అప్పుడు నేలని తాకీ తాకనట్టు ఉంటుంది, దాన్ని ఎంత గొప్ప కాలిపర్‌తో పట్టుకున్నా అది చేసేదేమీ లేదు. ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అనలేదు. అయినా ఇది నా వాదనకి పనికొచ్చే మాట కాదు, రికార్డుల్లోంచి తొలగించాలని మనవి.

రెండో సాక్షి చరిత్ర. ఇతను నమ్మకస్తుడు. 1980లలో కాంపాగ్నోలో కంపెనీ డెల్టా అనే బ్రేకు తెచ్చింది. త్రికోణం ఆకారం, అద్దంలాంటి మెరుపు, లోపల దాగిన మీటల కూర్పు. చూడ్డానికి బ్రేకులా ఉండదు, నగలా ఉంటుంది. బరువెక్కువ, బిగించడం ప్రాణసంకటం, ఆపడం అంతంతమాత్రం అని పేరు. అయినా పాత సైకిళ్లు సేకరించేవాళ్లు ఇప్పటికీ దాన్ని వెతికి వెతికి పట్టుకుంటారు. మనిషి ఆగడం కోసమే బ్రేకులు కొంటాడన్న అపోహ దీంతో తొలగిపోవాలి.

డిస్క్ బ్రేకుల సంగతి, అంటే రిమ్మును కాకుండా చక్రం మధ్యలో బిగించిన పళ్లాన్ని పట్టే బ్రేకుల సంగతి, అడుగుతారని తెలుసు. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం రోడ్ పందేల్లో వాటిని 2015లో ప్రయోగంగా అనుమతించింది. 2016 పారిస్-రూబె పందెంలో ఒక ఆటగాడు తన కాలు డిస్క్‌కే తెగిందని ఫిర్యాదు చేస్తే ఆ ప్రయోగం ఆపింది, మళ్ళీ మొదలుపెట్టి, చివరికి 2018 జులైలో పూర్తిగా ఒప్పుకుంది. వానలో అవి మేలు, నిజమే. తడిసిన రిమ్మును పట్టుకునే రబ్బరు ముక్క ముందు నీళ్లు తుడవాలి, తర్వాతే ఆపాలి. ఆలోపు మనం కొంత ముందుకెళ్తాం. కార్బన్ రిమ్ములతో పొడుగాటి కొండ దిగేవాళ్లకి రిమ్ము వేడెక్కి పాడవుతుందన్న టెన్షన్ కూడా డిస్క్‌తో పోతుంది. ఇవన్నీ సబబైన కారణాలు కాబట్టి నాకు వాటిమీద పెద్ద ఆసక్తి లేదు. నాకు నచ్చిందల్లా ఒకటే. డిస్క్ బిగించడానికి ఫ్రేముకి తావు ఉండాలి, ఫోర్కుకి ఉండాలి, హబ్బులు (చక్రాల నడిమి భాగాలు) వేరే ఉండాలి, లీవర్లు వేరే ఉండాలి. అంటే బ్రేకులు అప్‌గ్రేడ్ చేయడమంటే, బెల్లు ఒక్కటి ఉంచుకుని, దాని కింద కొత్త సైకిల్ కొనడం. రోడ్ బైక్‌కి బెల్లూ ఉండదు.

రిమ్మును పట్టే పాత రకం రిమ్ బ్రేకులతోనే సరిపెట్టుకునే సామాన్యులకి కూడా మార్గాలున్నాయి. కొత్త తరం కాలిపర్ పాత లీవర్‌తో జత కుదరకపోవచ్చు. లీవర్ నొక్కితే ఎంత తీగ లాగాలన్న లెక్కని కంపెనీలు తరం తరానికీ మార్చాయి. కుదరకపోతే నొక్కడం మెత్తగా అయినా ఉంటుంది, లేదా రాయిలా అయినా ఉంటుంది. అందుకని లీవర్ మార్చాలి. లీవర్‌లోనే గేర్ల మీట ఉంటుంది, కాబట్టి గేర్లు మార్చాలి. ఖరీదైన కాలిపర్లు పాతవాటికన్నా కొన్ని పదుల గ్రాములు తేలిక కూడా. కొండ ఎక్కేటప్పుడు ఆ మేరకు వేగం పెరుగుతుంది, పెరిగిన వేగానికి మరింత మంచి బ్రేకులు కావాలి. ఇంత చక్కగా తన తోక తానే పట్టుకునే పెట్టుబడి ఇంకోటి చూపించండి.

ఇక మూడో సాక్షి మెకానిక్. ఇది నా సొంత కేసు. నా బ్రేకు నొక్కితే లీవర్ హ్యాండిల్‌కి తగిలేది, ఆగే ముందు మొత్తం వీధికి వినపడేలా కీచుమనేది. కాలిపర్లు మార్చమన్నాను. ఆయన ప్యాడ్లు ఊడదీసి చూపించాడు. రబ్బరు రాయిలా బిగిసిపోయి, అందులో రిమ్ము నుంచి రాలిన అల్యూమినియం రజను మెరుస్తోంది. తొడుగులోంచి తీగ లాగితే తుప్పు రాలింది.

"ఈ రెండూ మారిస్తే చాలు సార్, రిమ్ము తుడిస్తే ఇంకా బాగుంటుంది," అన్నాడు.

ఒక నిపుణుడి నోటి వెంట ఇంత చవకబారు మాట వస్తుందని ఊహించలేదు. కాలిపర్లే కావాలని పట్టుబట్టాను. ఆయన వాటిని బిగించి, పనిలో పనిగా కొత్త ప్యాడ్లు, కొత్త తీగ, కొత్త తొడుగు వేసి, కీచుమనకుండా ప్యాడ్ల ముందు అంచుని కాస్త లోపలికి తిప్పి, రిమ్ము తుడిచి ఇచ్చాడు. బ్రేకు అమోఘంగా పట్టింది. ఆ ఘనత ఎవరిదో వేరే చెప్పాలా? కాలిపర్లదే.

పాత కాలిపర్లు మాతో తొక్కే కుర్రాడు అడిగితే ఇచ్చేశాను. వాడు వాటికి కొత్త ప్యాడ్లు, కొత్త తీగ వేసుకున్నాడట. మొన్న ఇద్దరం ఒక దిగుడు దిగుతూ కింద సిగ్నల్ దగ్గర బ్రేకు పట్టాం. నేను గీత దాటి ఓ మూర ముందుకెళ్లి ఆగాను.

"అన్నా, కొత్త బ్రేకులు ఎలా ఉన్నాయి?" అని వెనకనుంచి, గీతకి ఇవతల నిలబడి అడిగాడు.

"అద్భుతం," అన్నాను, ముందుకే చూస్తూ. టైర్లు మార్చాలేమో.