పెళ్లికొడుకు నుదుట పంగనామం

దేశంలో దానధర్మాలు అడుగంటాయని వాపోయేవాళ్లు, డీవీడీని ఎంపీ4 వీడియో ఫైలుగా మార్చే సాఫ్ట్‌వేర్ కోసం ఒక్కసారి ఇంటర్నెట్‌లో వెతకాలి. దాతలు బారులు తీరి ఉన్నారు. అందరిదీ ఉచితమే, అందరి దగ్గరా పెద్ద పచ్చ బటన్. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ ఉండదు గనుక బయట తగిలించేది ఒకటి కొనుక్కోవాలి. ఆ ఖర్చు మీది, దానం వాళ్లది.

తిరుచానూరు మండపంలో 2006లో జరిగిన మా మేనమామ పెళ్లి డీవీడీని మొదటి దాత చేతిలో పెట్టాం. ఆయన అయిదు నిమిషాలు మార్చి ఇచ్చాడు. మన పెళ్లి వీడియోల్లో అయిదు నిమిషాలంటే ఏముంటుంది? వినాయకుడు, వెంకన్న, స్టూడియో వాడి ఫోన్ నంబరు. పెళ్లికూతురు ఇంకా గులాబీ పువ్వులోంచి బయటికి రాలేదు.

రెండో దాత పెళ్లంతా మార్చాడు. ఫ్యాన్ రొద పెడుతుంటే కంప్యూటర్ కాలిపోతుందేమోనని టెన్షన్ పడుతూ కూర్చున్నాం. అయ్యాక చూస్తే, ట్రయల్ వర్షన్ అని తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు సరిగ్గా మామ నుదుటి మీద! బాసికం కనబడదు. గట్టిమేళం మోగింది, అక్షరాలు కదల్లేదు. తలంబ్రాలు వాటి మీదే రాలాయి. పురోహితుడు వంగితే ఆయన నెత్తికీ అంటుకున్నాయి. తిరుపతిలో పుట్టి నామాలు ఎరగనివాళ్లమా? ఇంత అడ్డంగా పెట్టింది మాత్రం ఎన్నడూ చూడలేదు.

"మీ మామ మొహాన ఆ ఇంగ్లీషు ఎవరు రాసినార్రా?" అంది అత్త.

సర్వదర్శనం క్యూలో ఎన్ని గంటలు నిలబెట్టినా, స్వామి పాదాల దాకా ఉచితం, పైన కిరీటానికి డబ్బు కట్టమని ఎవరూ అనరు. ఈ దాతలు అంటారు. డాలర్లు కడితే 720 బై 576 చుక్కల బొమ్మను అంతకు ఎన్నో రెట్ల చుక్కలుండే 4కే చేస్తామని కూడా అంటారు. డిస్క్‌లో లేని వివరాన్ని ఎక్కడినుంచి తెస్తారో!

అసలు ఆ డిస్క్‌కి తాళమే లేదు. కాపీ కొట్టకుండా అడ్డుకునే సీఎస్‌ఎస్ అనే తాళం సినిమా కంపెనీల డీవీడీలకు వేసేది, దాన్నీ డీసీఎస్‌ఎస్ అనే చిన్న ప్రోగ్రాం 1999లోనే తెరిచేసింది. పెళ్లి డిస్క్‌లో ఉండేది వీడియో_టీఎస్ అనే ఫోల్డర్, అందులో ఒక్కోటి 1 జీబీకి మించని వీఓబీ అనే వీడియో ఫైళ్లు. కాపీ చేసి హార్డ్‌డిస్క్‌లో పడేస్తే వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో ఆడతాయి. ఫైలు చిన్నది కావాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాం ఉంది. నిజంగానే ఉచితం, ఏ ముద్రా వేయదు. కానీ వెతికితే ముందు ఎదురొచ్చేది ఈ పచ్చ బటన్లే.

ఇంట్లో రాసుకునే డిస్క్‌లలో బొమ్మను నిలిపేది ఒక పొర రంగు. ఎండకూ వేడికీ అది పాడవుతుంది, మన ఊరి ఎండ సంగతి చెప్పాలా? ఆ పెళ్లిలో వక్కాకు తట్ట కోసం మా అవ్వ వియ్యపురాలితో పోట్లాడింది. అవ్వ పోయింది. ఆమె గొంతు ఆ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. దాతల్లారా, ఆమె మొహం మీద మీ ముద్ర వేసి, చెరపడానికి వెల కడతారా? ఏం, మీ ఇళ్లల్లో ముసలివాళ్లు పోలేదా? సిగ్గులేదూ?

తీసిపారేద్దామని అన్‌ఇన్‌స్టాల్ నొక్కాం. ఒక ఏడుపు బొమ్మ వచ్చి, "మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్తున్నారు?" అని అడిగింది. కింద యాభై శాతం తగ్గింపు.