అద్దాలకు చలి వేస్తుందా?

కడపలోని మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కన కొత్త నోటీసు వెలిసింది. ఆషామాషీ కాగితం కాదు. రంగుల్లో అచ్చు వేయించి, లామినేషన్ చేయించి, నాలుగు మూలలా టేపు వేసి మరీ అంటించారు. "శుభ్రపరిచే సిబ్బంది కామన్ మీటరు కరెంటుతో నీళ్లు కాచుకోరాదు. మేడ మీది సోలార్ నీళ్లు పట్టుకోరాదు. అద్దాలు తుడవడానికి చన్నీళ్లు సరిపోతాయి. ఉల్లంఘించిన వారిపై తగు చర్య తీసుకోబడును." కింద అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ పచ్చ సిరాతో సంతకాలు చేశారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పచ్చ సిరా పట్టుకునే హోదా ఆ ముగ్గురిలో ఒక్కరికీ దక్కలేదు. పదవీ విరమణ తర్వాత తీరే కోరికలు ఇలాగే ఉంటాయి మరి.

ఇంతటి శాసనాన్ని ఎవరి మీద ప్రయోగించారంటే, తెల్లవారుజామున ఐదున్నరకు వచ్చే ఒక ఆడమనిషి మీద. మా మెట్లదారి కిటికీలు, కింది వరుసలోని మందుల దుకాణం, బట్టల దుకాణం, ఏటీఎం గది అద్దాలు తుడిచి, అక్కడి నుంచి కోటిరెడ్డి సర్కిల్ మీదుగా ఏడు రోడ్ల కూడలి దాకా తనకు వాడుకగా ఉన్న దుకాణాలన్నీ చుట్టి, గిరాకీ మొదలయ్యేలోగా పని ముగించుకుంటుంది. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో రబ్బరు వైపర్, భుజాన పాత గుడ్డలు, కొంగున ముడి వేసిన షాంపూ పొట్లాలు. ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి మా వాచ్‌మన్ తన హీటరు రాడ్డు పెట్టి బకెట్టెడు నీళ్లు గోరువెచ్చగా చేసి ఆమెకు ఇస్తున్నాడు. నేరం ఇదీ.

నేరం బయటపడిన తీరు కూడా చరిత్రకెక్కదగినదే. కార్యదర్శిగారు ఉదయపు నడకకు బయలుదేరారు. నెత్తిన మంకీ క్యాప్, మెడ చుట్టూ మఫ్లరు, ఒంటి మీద చేతుల స్వెటరు, దాని మీద అల్లుడు పంపిన జాకెట్టు, కాళ్లకు ఉన్ని మేజోళ్లు, రెండు చేతులూ జేబుల్లో. బయటికి కనిపిస్తున్నవి రెండు కళ్లు మాత్రమే. ఆ రెండు కళ్లూ మెట్ల కింద ఉన్న బకెట్టు నుంచి లేస్తున్న ఆవిరిని పసిగట్టాయి.

"ఏమమ్మా, అద్దాలకు చలి వేస్తుందా?"

"అద్దాలకు కాదు సార్, నాకు."

జవాబు నిజమే. కానీ కార్యదర్శిని ప్రశ్న అడగనివ్వాలి గానీ, దానికి నిజం జవాబు చెప్పవచ్చునా? ఆదివారానికల్లా అత్యవసర సర్వసభ్య సమావేశం పిలిచారు.

గత వేసవిలో బోరు ఎండిపోయి, ట్యాంకరు కోసం బిందెలతో బారులు తీరినప్పుడు పిలిచిన సమావేశం కోరం లేక వాయిదా పడింది. ఈసారి కుర్చీలు చాలక పక్క వీధి నుంచి ప్లాస్టిక్ స్టూళ్లు తెప్పించారు. కొరతగా ఉన్న నీళ్లను పంచుకోవడానికి రానివాళ్లందరూ ఒకరికి నీళ్లు ఆపడానికి మాత్రం భార్యాపిల్లలతో సహా వచ్చారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. ఇక్కడ మంది ఎక్కువైన కొద్దీ కసి చిక్కబడింది.

ముందుగా ఒక విశ్రాంత ఇంజినీరుగారు లేచి, వేడినీళ్లు పడితే అద్దం పగులుతుందని శాస్త్రోక్తంగా సెలవిచ్చారు. చల్లటి అద్దం మీద సలసల కాగే నీళ్లు కుమ్మరిస్తే పగిలే మాట వాస్తవమే. వేడి తగిలిన చోట అద్దం వ్యాకోచిస్తుంది, తగలని చోట వ్యాకోచించదు, ఆ లాగుడుకు చీలిక వస్తుంది. కానీ సాదా అద్దం కూడా సుమారు 40 డిగ్రీల తేడాను ఓర్చుకుంటుంది. చెయ్యి పెట్టగలిగిన నీళ్లకు పగిలే అద్దం ఇంకా తయారు కాలేదు. ఉడుకునీళ్లకు ఇల్లు కాలుతుందా అని మన పెద్దలు ఏనాడో అడిగారు. ఆ ప్రశ్నకు కాలుతుందని జవాబిచ్చిన మొదటి ఇంజినీరు మా సంఘం ఇంజినీరుగారే.

తర్వాత మూడో అంతస్తు ఆయన సామాజిక కోణం ఎత్తుకున్నారు. "ఇవాళ వేడినీళ్లంటారు, రేపు టీ అంటారు, ఎల్లుండి లిఫ్టు అంటారు." లిఫ్టు మాట వినగానే సభ ఉలిక్కిపడింది. చివరి వరుసలో ఒక పెద్దావిడ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఇంకొకాయన సంప్రదాయం వైపు నుంచి వచ్చారు. వారి తాతగారు పుష్పగిరి దగ్గర పెన్నలో, ధనుర్మాసంలో, చీకటి ఉండగానే మూడు మునకలు వేసేవారట, తుమ్మయినా తుమ్మేవారు కాదట. ఈ మనవడిగారి స్నానాల గదిలో గీజరు ఎర్రదీపం తెల్లవారుజామున నాలుగింటికే వెలుగుతుంది. మునకలు తాతగారివి, పుణ్యం మనవడిది, చన్నీళ్లు మాత్రం అద్దాలు తుడిచే ఆవిడవి. ఒక కుర్రవాడు కుళాయికి వేలిముద్ర యంత్రం పెట్టిద్దామన్నాడు. చప్పట్లు కొట్టారు.

మధ్యలో విరామం. మిరపకాయ బజ్జీలు, టీ. టీ చల్లారిపోయిందని ఇద్దరు సభ్యులు గ్లాసులు వెనక్కి పంపారు. వాచ్‌మన్ తీసుకెళ్లి మళ్లీ కాచి తెచ్చాడు. ఏ మీటరు కరెంటుతో కాచావని ఒక్కరూ అడగలేదు.

ఇక కోశాధికారిగారు. కామన్ మీటరు బిల్లు పెరిగిపోయిందని, దానికి మూలకారణం ఆ బకెట్టేనని ఆయన తీర్మానించారు. సరే, లెక్క కాబట్టి లెక్కగానే మాట్లాడుకుందాం. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోక్యాలరీ కావాలి. 15 లీటర్ల బకెట్టును 20 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే 300 కిలోక్యాలరీలు. ఒక యూనిట్ కరెంటులో 860 ఉంటాయి. అంటే యూనిట్‌లో మూడో వంతు చాలు. దారిలో పోయే వేడిని కూడా కలిపి 0.4 యూనిట్ అనుకుందాం. యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా బకెట్టుకు నాలుగు రూపాయలు. చలికాలం మొత్తం అరవై రోజులు ఇచ్చినా 240 రూపాయలు. ముప్పై ఫ్లాట్లకు పంచితే ఇంటికి ఎనిమిది. సంవత్సరానికి. ఆ రోజు సభలో తిన్న బజ్జీలకే ఇంటికి అంతకన్నా ఎక్కువ పడింది. లామినేషన్ ఖర్చు వేరు.

అదీ ఎక్కడ? కడప జిల్లాలో! నీళ్లు కాయడమే వృత్తిగా బతుకుతున్న జిల్లా ఇది. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం చేసే పని ఏమిటి? బొగ్గు మండించి నీళ్లు కాచడం. ఐదు వందల డిగ్రీలు దాటిన ఆవిరి పుట్టించి టర్బైన్లు తిప్పడం. దాని సామర్థ్యం 1650 మెగావాట్లు. పూర్తి బలంతో నడిస్తే ఒక్క సెకనులో పుట్టే కరెంటుతో వెయ్యికి పైగా బకెట్లు గోరువెచ్చగా చేయవచ్చు. కార్యదర్శిగారు ఒకసారి తుమ్మేలోగా కడప పట్టణంలో అద్దాలు తుడిచే వాళ్లందరికీ నీళ్లు కాగిపోతాయి. అది చాలదన్నట్టు మైలవరం మండలంలో సౌర పలకలు పరిచారు, మన మేడ మీద సోలార్ హీటరు పెట్టారు. ఆ హీటరులో నిన్నటి ఎండకు కాగిన నీళ్లు రాత్రంతా వెచ్చగా నిల్వ ఉంటాయి. ఉదయం ఎవరైనా వేడినీళ్ల కుళాయి తిప్పితే ముందు గొట్టంలోని చన్నీళ్లు వస్తాయి. వేడి తగిలేదాకా అవన్నీ నేరుగా కాలువలోకి వదులుతాం. ఇంటింటా అలా పారబోసే నీళ్లలో ఆమె రెండు వీధులు కడిగేయగలదు. అది వృథా కాదట. ఆమె పట్టుకెళ్లే ఒక్క బకెట్టు మాత్రం వృథా అట. సూర్యుడు కూడా మా సంఘంలో సభ్యుడేనని, మెయింటెనెన్స్ కట్టనివాళ్లకు వేడి ఇవ్వకూడదని తీర్మానం చేయడమొక్కటే తరువాయి.

అన్నిటికన్నా గట్టి వాదన అధ్యక్షులవారిది. "అసలు కడపలో చలి ఎక్కడిది? ఇదేమన్నా కాశ్మీరమా?"

ఒప్పుకుంటాను. మనది మే నెలలో మనుషుల్ని వేయించే ఊరు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కూడా ఏ పదిహేడో, పద్దెనిమిదో డిగ్రీలు ఉంటాయి. మంచు పడదు, నీళ్లు గడ్డకట్టవు. కానీ ఇంకొకటి గడ్డకడుతుంది. కొబ్బరినూనె. సుమారు 24 డిగ్రీల కిందికి దిగితే అది పేరుకుంటుంది. ఆ వాదన చేసిన అధ్యక్షులవారి నీలం సీసా ఈ నెలంతా ప్రతి ఉదయం బాల్కనీ పిట్టగోడ మీద ఎండలో కూర్చుంటోంది. నూనెకు చలి వేస్తుందని గుర్తించిన కార్యవర్గం మనిషికి వేస్తుందని గుర్తించడానికి ఇంకా ఆధారాల కోసం ఎదురుచూస్తోంది.

పైగా చలి అంటే గాలిలో ఉండే అంకె ఒక్కటే కాదు. తడిచెయ్యి వేరు, పొడిచెయ్యి వేరు. తడి ఆరేటప్పుడు ఒంట్లోని వేడిని లాక్కుపోతుంది. పొద్దున్నే పాలకొండల వైపు నుంచి గాలి తిరిగితే మరీ. మోచేతుల దాకా తడిసిన మనిషికి పద్దెనిమిది డిగ్రీలంటే ఏమిటో జేబుల్లో చేతులు పెట్టుకున్న మనిషికి ఎవరు చెప్పాలి?

అద్దం తుడవడమంటే నీళ్లు చల్లి గుడ్డ తిప్పడమేననుకునేవాళ్లు ఒక్కసారి ఆ బట్టల దుకాణం ముందు నిలబడి చూడాలి. దాని పక్కనే బజ్జీల బండి. రాత్రి పదింటిదాకా మూకుడులోంచి లేచిన నూనె పొగ అద్దం మీద పొరలా పడుతుంది. దాని మీద రోడ్డు దుమ్ము. తెల్లవారేసరికి పొగమంచు తడికి అది కాస్తా బురద. మా బోరు నీళ్లు గట్టివి, చల్లగా ఉంటే షాంపూ నురగ సరిగా రాదు. చన్నీళ్లతో రుద్దితే ఆ జిడ్డు వదలదు, ఇటు నుంచి అటు జరుగుతుంది. ఎండ పడగానే చారలన్నీ బయటపడతాయి. దుకాణదారు పిలిచి చీవాట్లు పెడతాడు. గోరువెచ్చటి నీళ్లయితే ఒక్క చుట్టుతో జిడ్డు కరిగి, వైపర్ పై నుంచి కిందికి లాగితే తేటగా వస్తుంది. మరీ వేడిగా ఉన్నా పనికిరావు, తుడిచేలోపే ఆరిపోయి ఉప్పు మరకలు మిగులుతాయి. ఇదంతా ఆమెకు తెలుసు. మా ఇంజినీరుగారికి తెలియదు. సభకు మాత్రం ఆయన్నే పిలిచారు.

ఆమె చేతులు చూశారా ఎవరైనా? వేళ్ల కణుపుల మీద చర్మం అడ్డంగా చీలి ఉంటుంది. సబ్బు చర్మంలో ఉన్న కాస్త నూనెనూ లాగేస్తుంది, చన్నీళ్లు, గాలి కలిసి దాన్ని చీలుస్తాయి. బొటనవేలి పక్కన పగులులోంచి నెత్తురు చెమ్మ కనిపిస్తుంది. దాని మీదే మళ్లీ షాంపూ నీళ్లు. కొబ్బరినూనె రాసుకుని వస్తే అద్దం మీద వేలిముద్రలు పడుతున్నాయని మందుల దుకాణం యజమాని కసిరాడు. ఆయన దుకాణంలో పగుళ్లకు రాసే మందు అరలు అరలుగా ఉంటుంది, ఆ అరల ముందున్న అద్దాన్నే ఆమె తుడుస్తుంది. రబ్బరు తొడుగులు కొనిస్తే సరిపోతుందని సభలో ఎవరో అన్నారు. అన్న మనిషి కొన్నాడా? లేదు. జీతం పెంచమని ఆమె అడగలేదు, సెలవు అడగలేదు, పండుగ మామూలు కూడా అడగలేదు. నాలుగు రూపాయల వేడి అడిగింది. అడిగింది కూడా కాదు, వాచ్‌మన్ ఇస్తే తీసుకుంది. దానికి ముప్పై కుటుంబాలు కూర్చుని, బజ్జీలు తిని, ఏకగ్రీవంగా చేతులెత్తారు. వెచ్చటి, నునుపైన, పగుళ్లు లేని చేతులు! వీళ్లకు సిగ్గు లేదా?

హీటరు రాడ్డు ప్రమాదమని ఒక్కరు అని ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ని. అది నిజంగానే ప్రమాదం. ఇనుప బకెట్టులో రాడ్డు పెట్టి, స్విచ్చి ఆపకుండా చెయ్యి ముంచితే మనిషి పోతుంది. రాడ్డు వద్దు, సోలార్ కుళాయి నుంచి పట్టుకోనిద్దాం అంటే సమస్య అక్కడితో తీరేది, పైసా ఖర్చు లేదు. రెండు గంటల సభలో ఆ మాట ఒక్క నోటి నుంచీ రాలేదు. మీటరు తిరుగుతుందని భయపడ్డారు, అద్దం పగులుతుందని భయపడ్డారు, ఆమె లిఫ్టు ఎక్కుతుందని భయపడ్డారు. షాకు కొట్టి ఆమె చచ్చిపోతుందని భయపడినవాడు ఒక్కడూ లేడు.

నోటీసు పడిన మర్నాటి నుంచి ఆమె చన్నీళ్లతోనే తుడుస్తోంది. మెట్లదారి కిటికీల మీద చారలు మిగులుతున్నాయని ఇప్పుడు ఫిర్యాదుల పుస్తకంలో కార్యదర్శిగారే స్వహస్తాలతో రాశారు. సోలార్ కుళాయి సంగతి తేల్చమని నేనూ ఒక అర్జీ పెట్టాను. ఎంతో మర్యాదగా స్వీకరించారు. ముగ్గురు సభ్యులతో ఉపసంఘం వేశారు. సాంకేతిక సలహాదారు ఆ ఇంజినీరుగారే. నివేదిక మే నెలలో వస్తుందట. అప్పటికి మేడ మీది ట్యాంకులో నీళ్లు వాటంతటవే సలసల కాగుతుంటాయి కాబట్టి, సిఫారసులు అమల్లోకి వచ్చినట్టు అదే రోజు ప్రకటించవచ్చునని అధ్యక్షులవారు ఇప్పటికే అభిప్రాయపడ్డారు. ఆ ఎండలో ఆమె బకెట్టెడు చన్నీళ్లు అడిగితే ఏం చేయాలన్న దాని మీద ఇంకో ఉపసంఘం ఉంటుంది.